పడమటికి తిరిగిన పీట

మా పక్కింటి డ్రాయింగు టీచరమ్మ పోయారన్న కబురు నాకు గంపలగూడెంలో, ఉపన్యాసం మధ్యలో తెలిసింది. ఫోన్ చేసింది మా అమ్మాయి. అది నాకు ఫోన్ చెయ్యడమే అరుదు. మైకు పక్కకు పెట్టి ఎత్తాను. "నాన్నా, టీచర్ గారు ఇంక లేరు. నిద్రలోనే పోయారు" అని ఏడ్చింది. ఆ పూట నేను చెప్పాల్సింది తల్లిదండ్రుల పట్ల పిల్లల ధర్మం. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని, షేర్ ఆటో ఎక్కి తిరువూరు వచ్చేశాను. దారంతా ఒక్కటే ఆలోచన నన్ను తొలిచింది. నేను పోయిననాడు ఈ పిల్ల ఇలా ఏడుస్తుందా?

పోయినావిడ మీద అసూయేమిటని చదువరులు అనుకోవచ్చు. మనిషి లోపలి శత్రువులు ఆరని శాస్త్రం చెప్పింది. ఆ ఆరింటి మీదా చుట్టుపక్కల ఊళ్ళలో గొంతు చించుకుని చెబుతుంటాను. అయిదింటిని ఎలాగో అదుపులో పెట్టాను. ఆరోదైన మాత్సర్యం మాత్రం టీచరమ్మ అరుగు మీద కూర్చుని రోజూ నన్ను చూసి నవ్వేది.

నాది ఎరువుల కొట్టు. నాకు గురువు లేడు. టీకాతాత్పర్యాలు దగ్గర పెట్టుకుని, బస్తాల మధ్య కూర్చుని నేర్చుకున్న చదువు. చదివింది చదివినట్టు ఆచరించడం నా పట్టుదల. తూర్పుకు తిరిగి భోంచేస్తే ఆయుష్షు అన్నారు గనక తూర్పుకే తిరిగి కూర్చుంటాను. మా వంటిల్లు ఇంటికి పడమర. మా ఆవిడ పోయినప్పటి నుంచీ వంట మా అమ్మాయిదే. నేను పీట వేసుకుని కూర్చుంటే వంటింటికి నా వీపు, నా ఎదురుగా కిటికీ, కిటికీ అవతల టీచరమ్మ అరుగు. అంటే అన్నం తింటున్నంతసేపూ అక్కడి నవ్వులు చూస్తూ తినాల్సిందే.

టీచరమ్మ బళ్ళలో బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. పెన్సిలు షార్ప్‌నరుతో చెక్కేవారు కాదు, బ్లేడుతోనే. చెక్కిన పొట్టు కొంగులో పోగుచేసి గులాబీ మొక్క మొదట్లో పోసేవారు. తన దగ్గర నేర్చుకునేవాళ్ళను రబ్బరు ముట్టుకోనిచ్చేవారు కాదు. "తప్పు గీత ఉండనియ్యి. పక్కన సరైంది గియ్యి. రెండూ కనపడితేనే చెయ్యి నేర్చుకుంటుంది" అనేవారు. ఈ మాట నా ఉపన్యాసంలో ఒకసారి నాదిగా వాడుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు కూడా ఆవిడ మీదే కుళ్ళుకున్నాను.

ఆదివారాలు ఆవిడా, మా అమ్మాయీ, ఇంకొందరూ కలిసి ఆ అరుగు మీద ఒక జపాను బొమ్మల కథ చదివేవారు. "మాంగా చదువుతున్నాం నాన్నా" అని మా అమ్మాయి అంటే, మామిడి తోటల మీద ఏదో పరీక్ష కాబోలని సంతోషించి, అంటుకట్టే పద్ధతుల పుస్తకం తెచ్చిచ్చాను. దాని మీద వాళ్ళు ఎన్ని ఆదివారాలు నవ్వుకున్నారో. తీరా చూస్తే అది వంటల కథ. ఒక పేరున్న వంటవాడు, అతని కొడుకు. కొడుకు రోజూ పులుసు కాచి తెస్తాడు. తండ్రి గోడవైపు తిరిగి కూర్చుని రుచి చూస్తాడు. గిన్నె వెనక్కి జరిపి "మళ్ళీ" అంటాడు. అంతే. రుచి చూసేటప్పుడు అతని ముఖం ఆ కథలో ఒక్కచోట కూడా గీయలేదట.

టీచరమ్మ ఆ పేజీలు జిరాక్సు తీయించి, బట్టలారేసే తీగకు క్లిప్పులతో తగిలించేవారు. "మాటలు తర్వాత. ముందు బొమ్మ చూడండి" అనేవారు. ఇక మొదలయ్యేది యుద్ధం.

"వాడు తండ్రి కాదు టీచర్, రాయి" అనేది మా అమ్మాయి.

బస్టాండు దగ్గర బట్టలు కుట్టే బాషా ఒప్పుకునేవాడు కాదు. "ఊరుకో అక్కా. మా నాన్న స్కేలుతో వేళ్ళ మీద కొట్టకపోతే నాకు కాలరు కుట్టడం వచ్చేదా?"

"వచ్చింది సరే. మీ నాన్న నీ కాలరు చూసి ఎప్పుడన్నా నవ్వాడా?"

"నవ్వితే ఇంక ఆయన మా నాన్నెందుకవుతాడు?"

అరుగంతా గొల్లుమనేది. నా ఉపన్యాసానికి వచ్చే ముసలమ్మలు కూడా నవ్వు వినపడి అటే పోయి కూర్చునేవాళ్ళు. కాగితం మీది తండ్రి గురించి గంటలకొద్దీ మాట్లాడే నా కూతురు, ఎదురుగా ఉన్న తండ్రితో "అన్నం పెట్టనా, చారు పొయ్యనా" తప్ప మాట్లాడేది కాదు. లేని మనిషి మీద కూడా నాకు అసూయ పుట్టింది.

ఒక ఆదివారం తట్టుకోలేక సంచి భుజాన వేసుకుని వెళ్ళాను. "తండ్రి దైవం. గురువును ఎదుట పొగడమన్నారు, బంధువును చాటున పొగడమన్నారు. కన్నబిడ్డను మాత్రం ఎన్నడూ పొగడొద్దన్నారు, ఆయుక్షీణం గనక. ఆ జపాను వాడికి శాస్త్రం తెలుసు" అన్నాను. నా గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది.

మా అమ్మాయి లేచి నిలబడింది. "పొగడమని ఎవరడిగారు నాన్నా? తండ్రి దైవమన్నావుగా. గర్భగుళ్ళో వీపు పెట్టి నిలబడ్డ దేవుణ్ణి నువ్వెక్కడన్నా చూశావా?"

అప్పటికి గాని నాకు వెలగలేదు, ఆ గొడవంతా జపాను తండ్రి గురించి కాదని. అయినా చెబుతున్నాను, ఇన్నేళ్ళలో అంత గట్టి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నా బిడ్డేనని గర్వపడ్డాను. పొగడకూడదు గనక పొగడలేదు.

టీచరమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు, "అన్నయ్యగారూ, తూర్పుకు తిరిగి తింటే ఆయుష్షని రాశారు. పడమటికి తిరిగితే ఏం వస్తుందని రాశారు?"

"సిరి" అన్నాను. తెలిసిన మాటను దాచలేనుగా.

"మీ సిరి అటే ఉంది కదండీ, వంటింట్లో. ఆయుష్షు చాలా ఉందిలెండి మీకు, ఇంత గొంతు ఉన్నవాళ్ళు తొందరగా పోరు."

బాషా నవ్వాపుకోలేక లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాళ్ళంతా టీచరమ్మను బతిమాలారు, ఆ తండ్రి ముఖం ఎలా ఉంటుందో మీరే గీసి చూపించండని. ఎలాంటి ముఖమైనా చిటికెలో గీసే మనిషి పెన్సిలు చెవి వెనక పెట్టేసుకున్నారు. "అది నా పని కాదు. ఆయన తిరిగితే కదా గీసేది" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం పీట పడమటికి తిప్పి వేసుకున్నాను. శాస్త్రంలో ఉంది గనకే వేసుకున్నాను, ఆవిడ చెప్పినందుకు కాదు. ఆ పూట గోంగూర పప్పు. మా అమ్మాయి వంటింటి గడప మీద నిలబడి, ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూసింది. నేనేమీ అనలేదు. నా ముఖంలో దానికి ఏం కనపడిందో నాకు తెలియదు. గరిటె అక్కడే పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. నా వెనక కిటికీలోంచి వినపడింది, "టీచర్, టీచర్, మా నాన్న తిరిగాడు."

చూశారా. తిరిగింది నేను, తిన్నది నేను. సంబరం మాత్రం ఆవిడకు చేరింది. అటుపైన రోజూ అంతే. నా ముఖం చూడడం, వెళ్ళి ఆవిడకు చెప్పడం. ఏం చెప్పేదో నాకు తెలియనివ్వలేదు. ఒకరోజు గోడ దగ్గర టీచరమ్మే అన్నారు, "నిన్న పులుసు బాగా కుదిరిందటగా అన్నయ్యగారూ. మీ కనుబొమలు చెప్పాయట." నా కనుబొమల సంగతి కూడా నాకు ఆవిడ ద్వారానే తెలియాలి.

ఆ జపాను కథ ఇంకా పూర్తి కాలేదట. ఆ తండ్రి ముఖం చూడకుండానే టీచరమ్మ వెళ్ళిపోయారు. నా ముఖం గురించి మాత్రం నాకన్నా ఎక్కువ తెలుసుకుని వెళ్ళారు. అందుకు ఆవిడకు చేతులెత్తి దండం పెడుతున్నాను. కుళ్ళుకుంటూనే పెడుతున్నాను.

కర్మకాండలు అయ్యాక వాళ్ళ చుట్టాలు ఇల్లు తాళం వేసుకుని వెళ్ళారు. నిన్న మా ఇంట్లో మళ్ళీ గోంగూర పప్పు. పడమటికి తిరిగి కూర్చున్నాను. మా అమ్మాయి గడప మీద నిలబడి ముద్ద ఎత్తేదాకా చూసింది. నేను నోరు తెరిచి "బాగుందమ్మా" అన్నాను. ఆయుష్షు దోషం ఏదన్నా ఉంటే నాకు తగలనీ అనుకుని అన్నాను. అది విన్నది. గరిటె పట్టుకుని అలవాటుగా ఒక అడుగు వేసి ఆగింది. నా భుజం మీదుగా కిటికీలోకి చూసింది. అక్కడ అరుగు మీద ఉత్త తీగ, దాని మీద గాలికి ఊగుతున్న క్లిప్పులు.