ఆగకుండా వచ్చే చప్పుడు

మా అన్న మంగంపేట ముగ్గురాయి గనుల్లో ఏళ్ళ తరబడి డ్రిల్లింగ్ మిషన్ పట్టాడు. చెవులు రెండూ దానికే ఇచ్చేశాడు. కొన్న చెవిమిషన్లలో మాటకంటే ఫ్యాను మోతే ఎక్కువని తీసి పారేశాడు. అతనికి ఒకటే కోరిక. ఆదివారం మా చర్చిలో ప్రసంగం అయ్యాక అందరూ ఒక్కసారిగా, ఎవరి మాటల్లో వాళ్ళు, గొంతెత్తి ప్రార్థన చేస్తారు.

"నా పేరు పెట్టి చేస్తాండారంట రా. ఒక్కతూరి ఇనాల," అనేవాడు.

నేను కర్నూలులో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూస్తాను. పెద్ద మొనగాడిలా "నేను చేస్తానన్నా" అన్నాను. ల్యాబులో మూలపడిన, శబ్దాన్ని వడగట్టే సిగ్నల్ ప్రాసెసర్ బోర్డు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఫ్లోటింగ్ పాయింట్ రకం. గుసగుసనూ కేకనూ ఒకే లెక్కలో, పొర్లిపోకుండా పట్టుకుంటుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ ధర మాబోటివాళ్ళకు అందేది కాదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరో రాసి అందరికీ ఉచితంగా వదిలిపెట్టిన కంపైలర్‌తో, అంటే మన రాతను బోర్డు భాషలోకి మార్చేదానితో, ప్రోగ్రాం రాశాను. అందులో ఒక నియమం పెట్టాను: నాలుగు సెకన్లు ఆగకుండా సాగే శబ్దం ఏదైనా మోతే, అణిచెయ్. మాట్లాడే మనిషి మధ్యలో ఆగుతాడు, ఫ్యాను ఆగదు కదా. ఎంత తెలివి!

బోర్డు అన్న జేబులో పెట్టి, ఇయర్‌ఫోన్లు తగిలించి చర్చికి తీసుకెళ్ళాను. ప్రసంగం ప్రతి ముక్కా వినబడి కళ్ళు తుడుచుకున్నాడు. తరువాత ప్రార్థన మొదలైంది, గోడలదిరేలా. కాసేపటికే అన్న మొహంలో నవ్వు పోయింది. ఒక్కొక్కరి నోటివంకే చూస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చాక అన్నాడు: "మొదులు రవ్వంత ఇనపడె. ఆమైన అందరూ ఉత్త పెదాలు ఆడిచ్చిరి. చెవిటోణ్ణని ఇన్నేండ్లూ ఇట్లే చేసినారేమో."

అప్పుడు తట్టింది నాకు. అంతమంది గొంతులు కలిస్తే ఆ ప్రార్థన ఎక్కడా ఆగదు. పుట్టినప్పటినుంచీ నేను వింటున్నదే. నా ప్రోగ్రాం దాన్నీ ఫ్యాను మోతే అనుకుంది. ఛీ, నా చదువు తగలెయ్య!

"అన్నా, తప్పు నాదన్నా. మిషనే వాళ్ళ గొంతులు నొక్కేసింది."

"నీ మాట బాగనే ఇనపడతాండాది కదప్పా. నువ్వు చేసిన మిషన్ నాతో అబద్ధమాడతాదా?"

మర్నాడే సరిచేశాను. మార్చింది రెండే లైన్లు. అన్న మళ్ళీ దాన్ని చెవిలో పెట్టుకోలేదు. చర్చికి పోవడమే మానేశాడు. అక్కడ అందరూ అతని పేరు పెట్టి ఇంకా గట్టిగా ప్రార్థన చేస్తున్నారని మా వదిన చెబుతుంది.