టైలరమ్మ పడుచు పెట్టలు

అన్నదమ్ములు వేరుపడ్డ రోజున బావగారు గుడ్లు పెట్టే కోళ్ళన్నిటినీ తనవైపు తోలుకుని, ఎదిగీ ఎదగని పెట్టలను టైలరమ్మ వాటాకు వదిలేశాడు. "తలకు తల సరిపోయిందిగా, ఇంకేం కావాలమ్మా?" అన్నాడు. లెక్క సరిపోయిన అన్యాయానికి నోరెక్కువ. టైలరమ్మ భర్త, బస్సులు బాగుచేసే మెకానిక్, అన్నముందు నోరెత్తే రకం కాదు. ఆ ధైర్యమంతా పెళ్ళాం దగ్గర ఖర్చుపెట్టేవాడు.

"ఇవి కోళ్ళు కావే, కొత్తల్లుళ్ళు. మెక్కడం, తిరగడం! ఆదివారంలోగా గుడ్డు కనబడకపోతే అన్నీ చికెన్ కొట్టుకే!"

ఆమె కుట్టు మిషను తొక్కుతుంటే ఆ పెట్టలు కాళ్ళ దగ్గర గుడ్డపీలికలు లాగుతూ తిరిగేవి. అవి పోతే పగలంతా ఆ వరండాలో ఆమె మాట వినే ప్రాణి ఉండదు. కంగారులో దాణా కొట్టుకు పరుగెత్తి, గుడ్లు పెట్టే కోళ్ళకు వేసే లేయర్ మేత తెచ్చి దోసిళ్ళతో పోసింది. గుడ్లు రాలేదు సరికదా, పెట్టలు ఎడతెరిపి లేకుండా నీళ్ళు తాగి వరండా అంతా పల్చటి రెట్టలతో పాడుచేశాయి.

మళ్ళీ వెళ్ళి చెబితే దాణా కొట్టాయన తల పట్టుకున్నాడు. "గుడ్డుకు రాని పెట్టకు లేయర్ మేతా తల్లీ! అందులో సున్నం ఎక్కువ, గుడ్డు పెంకు కోసం. గుడ్డే లేకపోతే ఆ సున్నం ఎటుపోతుంది? లోపల మూత్రపిండాలను తినేస్తుంది. ఎదిగే కోళ్ళ మేతే వెయ్యి. మొదటి గుడ్డు చూశాక మెల్లగా మార్చు."

"ఆదివారం దాకే గడువు అన్నయ్యా."

"ఆ మాట కోడికి చెప్పావా?" అని నవ్వి, జాలిపడ్డాడు. "తురాయి ఎర్రబడుతుంది. వీపుమీద చెయ్యేస్తే పారిపోకుండా కూలబడుతుంది. అప్పుడిక గుడ్డు గుమ్మంలో ఉన్నట్టే."

ఆమె రోజూ చెయ్యేసి చూసింది. అవి రోజూ పారిపోయాయి.

ఆదివారం మెకానిక్ గంప పట్టుకొచ్చాడు. ఎర్రతురాయి పెట్టమీద చెయ్యి వేయగానే అది రెక్కలు కాస్త విప్పి నేలకు అతుక్కుపోయింది.

"చూశావా, దీనికి బుద్ధుంది. తనే లొంగిపోయింది!"

"వదలండి! అది లొంగడం కాదు, గుడ్డుకొచ్చింది. సాయంత్రందాకా ఆగండి. అప్పటికీ పెట్టకపోతే నేనే గంపకెత్తుతా."

మధ్యాహ్నం మిషను కింద పీలికల బుట్టలోంచి అరుపులు మొదలయ్యాయి. చూస్తే నిమ్మకాయంత గుడ్డు. మెకానిక్ దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇంతేనా?"

"మొదటిది అంతే. మీరు మొదటిరోజే ఇంజను విప్పారా?"

అతను గంప అటకెక్కించాడు. మిగతావి కూడా ఒక్కొక్కటే గుడ్డుకొచ్చాక లేయర్ మేత బస్తా తనే మోసుకొచ్చాడు. టైలరమ్మ గుడ్డు పెంకులు ఎండబెట్టి నలిపి వేరే గిన్నెలో పెట్టేది, సున్నం కావలసిన పెట్ట తింటుంది, వద్దన్నది మానుతుంది అని.

కొన్నాళ్ళకు బావగారు ఆమెకు దాణా కొట్టు దగ్గరే కనబడ్డాడు. ఆయన కోళ్ళు ముదిరి, ఈకలు రాల్చుకుని, గుడ్లు మానేశాయి.

"తిండి దండగమ్మా, అమ్మేస్తున్నా."

"అమ్మకండి బావగారూ. మేత తగ్గించకండి. కొత్త ఈకలొచ్చాక మళ్ళీ పెడతాయి."

ఆయన మొహం వెలిగింది. "అయితే నామీద కోపం పోయిందన్నమాట!"

"మీమీద కోపం మీమీదే ఉంది," అంది టైలరమ్మ. "కోళ్ళేం చేశాయి?"