గోడ సంగతి రాయాలా వద్దా

నేను పత్రికలో చేరిన కొత్తలో మా ఇన్‌చార్జి నన్ను హన్మకొండలో వరద ముంచిన ఒక కాలనీకి పంపారు. అక్కడ ఒకావిడ చుట్టుపక్కల వాళ్లందరినీ తన డాబా మీదికి చేర్చి కాపాడిందట. ఆమెను మాట్లాడించి రావాలి. అదే నా మొదటి ఇంటర్వ్యూ.

వరద తగ్గినా గోడల మీద నడుమెత్తున బురద చార అలాగే ఉంది. ఆవిడ కుర్చీ తుడిచి వేసింది. నేను రాసుకొచ్చిన ప్రశ్నలు మొదలుపెట్టాను.

"ఆ సమయంలో మీకేమనిపించిందమ్మా?"

"ఏమనిపిస్తది బిడ్డా? భయమైంది."

"అందరినీ కాపాడాలని ఎలా అనుకున్నారు?"

"మనుషులు మునుగుతాంటె ఊకుంటమా?"

కాసేపటికే ప్రశ్నలు అయిపోయాయి. రాసుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆఫీసుకు ఏ మొహంతో వెళ్లాలా అనిపించింది. ప్రశ్నల కాగితం మడిచి బ్యాగులో పెట్టేసి, "నీళ్లొస్తున్నాయని మొదట ఎట్ల తెలిసిందమ్మా?" అన్నాను.

ఆవిడ వంటింటి వైపు చూసింది. "చాయ్ పెడ్తాన్న. కాళ్లకు సల్లగ తగిలింది. చూస్తె, బయటి చెప్పులు తేలుకుంట లోపటికి వస్తానయ్."

ఆవిడ ఇక ఆగలేదు. నేను రాసుకుంటూ పోయాను.

ప్రహరీ గోడ జాగా తగాదాతో పక్కింటామెకూ ఆవిడకూ ఏళ్లుగా మాటల్లేవట. వరద రోజున పక్కింటామె, మంచం పట్టిన తన అత్తను దుప్పట్లో చుట్టి ఆ గోడ మీది నుంచే ఈవిడకు అందించింది.

"'పైలం అక్కా, జారుతది' అన్నది. అన్నేండ్లకు అదే మొదటి మాట," అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. అంతలోనే, "గోడ సంగతి రాయకు బిడ్డా. ఆమె ఇజ్జత్ పోతది," అంది.

నా ప్రాణం ఉసూరుమంది. అయినా, "మీరొద్దంటే రాయనమ్మా," అన్నాను.

ఇంతలో పక్కింటామే గిన్నెలో కూర పట్టుకుని వచ్చింది. ఆవిడ నన్ను చూపించి, గోడ సంగతి రాయొద్దన్నానని చెప్పింది. పక్కింటామె నవ్వేసింది.

"రాయనియ్యి అక్కా. మనం కొట్లాడినమని గల్లీ అంతా ఎర్కే గదా. కలిసినమని గూడ తెల్వనియ్."

రాసుకున్నదంతా ఇద్దరికీ చదివి వినిపించాను. పక్కింటామె ఒక్కచోట ఆపింది. "దుప్పటి గాదు, జంపఖాన." దిద్దుకున్నాను.

ఆటో ఎక్కగానే ఇన్‌చార్జి ఫోన్ చేశారు. "ఏమన్న దొరికిందా?"

"దొరికింది సార్," అన్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. విపరీతమైన ఆకలి.