తుప్కి దెబ్బ

జగదల్‌పూర్‌లో రైలు దిగింది మొదలు రామతులసి గారిది పరుగే. చిన్నతనమంతా ఈ ఊళ్లో గడిపి, పెళ్లయి విజయనగరం వెళ్లిపోయిన మనిషి, మనవలు పుట్టాక ఇప్పుడే మళ్లీ వచ్చారు. చెప్పులు టపటపలాడిస్తూ, కళ్లజోడు తలమీదికి తోసుకుని, ఏ ఆటో హారన్ కొట్టినా తననే పిలిచినట్టు చెయ్యూపుతారు. ప్రతి మలుపులోనూ "ఇటే, నాకు తెలుసు" అంటూ ధీమాగా దారి తప్పుతారు. వెనక కోడలు దేవిశ్రీ సంచులు మోస్తూ ఆయాసపడుతోంది.

ఆ రోజు గోంచా పండగ. జగన్నాథుడి రథం చుట్టూ జనం తుప్కిలనే వెదురు తుపాకులు పట్టుకుని, బఠాణీలంత పెంగు కాయలతో ఒకరినొకరు కొట్టుకుంటున్నారు. ఆవిడను మాత్రం ఎవరూ కొట్టడం లేదు. నెరిసిన జుట్టూ గంజి చీరా చూసి కుర్రాళ్లు తుప్కి దించేసి, "నమస్తే అమ్మాజీ" అని తప్పుకుంటున్నారు.

"నానేటి, ఈ ఊరికి చుట్టాన్నేటే?" ఆవిడ మొహం చిన్నబోయింది. గబగబా ఒక తుప్కి కొని, కాయ కూరి, ఎదురుగా జనాన్ని అదిలిస్తున్న కానిస్టేబుల్ వీపుకి గురిపెట్టారు.

"అత్తయ్యా, పోలీసండీ!"

ఠప్!

కొట్టిందెవరా అని అతను గిర్రున తిరిగాడు. "కిస్‌నే మారా?"

"మైనే!" ఆవిడ తుప్కి పైకెత్తి చూపించారు.

అతను మీసం దువ్వుకుని, పక్కవాడి తుప్కి లాక్కుని, ఆవిడ భుజానికి గురిచూసి కొట్టాడు. అంతే, నాలుగు వైపుల నుంచీ ఆవిడ మీద కాయలు కురిశాయి.

"దెబ్బ తగిలిందా అత్తయ్యా?"

"తగిలీసిందే!" భుజం రుద్దుకుంటూ, నడివీధిలో గెంతుతూ అరిచారు రామతులసి గారు. "తగిలీసిందే తల్లీ!"