బెల్లం రంగు ప్లగ్గు

మొన్న ద్వారకా నగర్‌లో ఒక పచారీ కొట్టు ముందు నిలబడి అరగంట సేపు తగువు పడ్డాను. బెల్లం కోసం. కొట్టతను నా ముందు పెట్టిన అచ్చు పసుపు రాసిన పెళ్ళిపీటలా మెరిసిపోతోంది. ఇది మందు పోసి తెల్లబరిచిన సరుకు, చెరుకు రసం తన రంగులో తాను మిగిలిన ముక్క ఉంటే ఇమ్మన్నాను. "ఏటి తాతా, నల్ల బెల్లం ఇప్పుడెవులు తింతన్నారు?" అన్నాడు. "తినడానిక్కాదు, ఇంజనుకి" అన్నాను. పక్కన కందిపప్పు తూయించుకుంటున్న ఆవిడ నన్నోసారి ఎగాదిగా చూసి తన సంచీ దగ్గరికి లాక్కుంది. నాకు పిచ్చి లేదు. ఏటా వానలు వెళ్ళాక ఒక ముక్క మంచి బెల్లం వెతికి తేవడం మా ఇంట్లో నా బాధ్యత. ఆ బాధ్యత నా నెత్తిన ఎందుకు పడిందో చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి.

మా పెద్దక్క మొగుడు. భీమిలి అవతలి పల్లెలో పుట్టి, ఓడరేవులో క్రేన్లు బాగుచేసే ఫిట్టరుగా జీవితమంతా గడిపినవాడు. ఎవరూ విడిపించుకోని సరుకును వేలం వేసినప్పుడు, పాత ఇనుము కింద ఒక వంకర చట్రం కొనుక్కొచ్చాడు. చూస్తే నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిల్ హ్యాండిలు, మధ్యలో ఒకే సిలిండరున్న టూ స్ట్రోక్ ఇంజను. విదేశాల్లో పందేలకి వాడే క్వాడ్ బైకు. ఇప్పుడు బీచ్‌లో అద్దెకి తిప్పే నాలుగు చక్రాల బళ్ళు చూసి ఇదీ అలాంటిదే అనుకునేరు! అవి కుట్టుమిషన్లు. వాసన లేదు, పొగరు లేదు, పొగ అసలే లేదు. బావ బండి ముట్టిస్తే వీధి చివరి దాకా కాలిన ఆముదం వాసన వచ్చేది. దానికి ఆయిల్ విడిగా ఉండదు, పెట్రోల్లోనే కొలత ప్రకారం కలిపి పొయ్యాలి. బావ పందేల ఆయిల్ పోసేవాడు, అందులో ఆముదం ఉండేది. మా అక్క వంటింటి కిటికీ మూసుకుంటూ "ఈ ముసలోడికి ఆముదం తాగించాల్సింది పోయి, ఈడే బండికి తాగిత్తన్నాడు" అనేది.

నేను ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లు దగ్గర పని చేశాను. బడి చదువు అయిదో తరగతితో సరి. ఇంగ్లీషు నాకు నేర్పింది యంత్రాల పుస్తకాలూ, ఒక చిరిగిపోయిన నిఘంటువూ. ఈ రోజుల్లో ఫోన్లో పది నిమిషాల వీడియో చూసి ఇంజను విప్పేసే మహానుభావులని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ బండి సర్వీసు పుస్తకాన్ని నేను నాలుగు నెలలు కూర్చుని, మాట మాటకీ అర్థం వెతుక్కుని చదివాను. నేను చదివి చెప్పేవాడిని, బావ చేసేవాడు. కానీ ఒప్పుకోవాలి, ఆ పుస్తకంలో లేనివే ఆయన ఎక్కువ చేశాడు. ఇసుకలో చక్రాలు కూరుకుపోతుంటే, పనికిరాదని పారేసిన కన్వేయర్ బెల్టు తెచ్చి పట్టీలుగా కోసి టైర్లకి తెడ్లలా బిగించాడు. పొట్ట ఉబ్బిన పందేల సైలెన్సరు కొనడానికి దొరక్కపోతే రేకు ముక్కలు కోసి, వంచి, అతికి, సుత్తితో కొట్టి తయారుచేశాడు. పొట్ట ఒక వేలెడు పొడవు పెంచి బండి ముట్టించి వినేవాడు, మళ్ళీ కోసేవాడు. పదకొండోసారికి తల ఊపి "ఇప్పుడు పాడతంది" అన్నాడు. నాకైతే పదికీ పదకొండుకీ తేడా తెలియలేదు. తెలిసినట్టు తల ఊపాను.

ఆ బండి నడిపేది మా మేనకోడలు, బావ ఒక్కగానొక్క కూతురు. పరవాడలో మందుల కంపెనీ లాబొరేటరీలో ఉద్యోగం. అయిదు రోజులు తెల్ల కోటు, ఆదివారం హెల్మెట్టు. బండి ఎక్కించిన మొదటి రోజే తండ్రి చెప్పింది ఒక్కటే మాట: "బండి ఎంత జోరుగెల్నా సరే, రెండు వేళ్ళు క్లచ్చి మీంచి తియ్యకు." టూ స్ట్రోక్ ఇంజను వేడెక్కి పట్టేస్తే వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోతాయి, మనిషి ముందుకెగిరి పడుతుంది. క్లచ్చి నొక్కితే ఇంజను పట్టు వదిలి చక్రాలు తిరుగుతాయి. ఆ రెండు వేళ్ళే ప్రాణం.

ఇక బెల్లం. ఇంజనుకి పెట్రోలు సరిపోతోందో లేదో చెప్పేది లోపల నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు. బండి నిండు వేగంలో ఉండగానే ఇంజను ఆపి ప్లగ్గు విప్పి చూస్తే, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే తక్కువై లోపల మాడుతున్నట్టు, బెల్లం రంగులో ఉంటే కుదిరినట్టు. బావ ఆ మాటని మాటగా వదల్లేదు. అనకాపల్లి బెల్లం ముక్కొకటి వంటింటి కిటికీలో స్టీలు మూత మీద పెట్టి, ప్లగ్గు తెచ్చి దాని పక్కన ఉంచి, ఎండ వెలుతుర్లో పోల్చేవాడు. రంగు కుదిరేదాకా కార్బ్యురేటర్లో జెట్టు మార్చేవాడు. జెట్టంటే పెట్రోలు వెళ్ళే సన్న బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క. ఇదంతా ఆయన సరదా అనుకున్నాం గానీ, అసలెందుకు పోలుస్తున్నాడో మేమెవరం అడగలేదు.

ఏడేళ్ళ కిందట భీమిలి దగ్గర ఇసుకలో కుర్రకారు పందెం పెట్టుకున్నారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మిగిలినవన్నీ కొత్త ఫోర్ స్ట్రోక్ బళ్ళు. మాకున్న భయం వాటి గురించి కాదు. మా సిలిండరు అప్పటికే అరిగి అరిగి, గోడలు సాపు చేయించుకుంటూ ఆఖరి సైజుకి వచ్చేసింది. ఇంకొక్క గీత లోతుగా పడితే మళ్ళీ సాపు చేయడానికి గోడ మిగలదు. కొత్త సిలిండరు ఈ దేశంలో దొరకదు. అంటే ఆ బండికి ఇంకొక్క తప్పు చేసే వీలు లేదు.

ఆ తప్పు నేను చేశాను. పందేనికి వారం ముందు వెళ్ళేసరికి కిటికీలో బెల్లం ముక్కకి చీమలు పట్టి, చెమ్మకి జిగురెక్కి ఉంది. పారేసి, కొట్టుకెళ్ళి నిగనిగలాడే కొత్త ముక్క తెచ్చి మూత మీద పెట్టాను. అప్పటికి నాకు బెల్లానికి మందు పోస్తారని తెలియదు, మెరుపు చూసి మంచి సరుకనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, ఇది కూడా చెప్పే విషయమా అనుకుని. బావ ప్లగ్గు పక్కన పెట్టి చూశాడు. ప్లగ్గు ముదురుగా కనిపించింది. చిన్న జెట్టు వేశాడు. ఇంకా ముదురే. ఇంకా చిన్నది వేశాడు. పెట్రోలు తగ్గేకొద్దీ ఇంజను మరింత చురుగ్గా అరుస్తోంది, మాడిపోయే ముందు అలాగే అరుస్తుంది మరి. మేమిద్దరం మురిసిపోయాం.

పొద్దుటి పందెంలో మా పిల్ల మొదటి మలుపులోనే అందరికన్నా ముందుంది. తిన్నటి దారిలో ఇంజను కూత సన్నబడి, ఇంకా పైకి లేచింది. పక్కనున్న బావ మొహం పాలిపోయింది. "క్లచ్చి! క్లచ్చి నొక్కే!" అని అరిచాడు. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? కానీ నొక్కింది. బండి మూగగా జారుకుంటూ వచ్చి ఇసుకలో ఆగింది. మిగతా బళ్ళన్నీ దాటి వెళ్ళిపోయాయి. దాటుతూ ఒకడు వెక్కిరింపుగా చెయ్యూపాడు.

బండిని తోసుకొచ్చి చెట్టు నీడన పెట్టాం. పిల్ల ప్లగ్గు విప్పింది. "నాన్నా, ఇది ముగ్గుపిండిలాగుంది. ఇలాగెలాగ వదిలీసేవు?"

"ముగ్గుపిండేటే? బెల్లం రంగు కాదేటి? పక్కనెట్టి మరీ సూసేను గదా!"

"ఏటి నాన్నా, తెల్లగా కనపడతంటే?"

బావ ప్లగ్గుని దూరంగా పట్టాడు, దగ్గరికి తెచ్చాడు, ఎండలోకి తిప్పాడు. చివరికి "నాకన్నీ పసుపచ్చగానే కనపడతన్నాయే. రెండేళ్ళయింది" అన్నాడు. కళ్ళలో శుక్లాలు. రంగు పోల్చుకోలేకపోతున్నాడు గనకే ముక్క పక్కన పెట్టుకుని తంటాలు పడుతున్నాడు. చెబితే కూతురు బండి ఆపించేస్తుందని నోరు మెదపలేదు. బెల్లం మార్చింది నేనే అని చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు మందేసిన బెల్లం తెచ్చేవు, నాను పొరొచ్చిన కళ్ళతో సూసేను. మజ్జిన పిల్ల బతికింది. సాల్లే బామ్మర్దీ, ఊరికే ఏడవకు. బేగెళ్ళి బాత్రూం కడిగే యాసిడ్ అట్రా."

యాసిడ్ ఎందుకో అప్పుడు చూశాను. సిలిండరు విప్పితే పిస్టను అల్యూమినియం కాస్త కరిగి గోడకి వెండి చారలా అంటుకుని ఉంది. దాని కింద గీత పడిందో లేదో తెలియదు. గుడ్డని పుల్లకి చుట్టి, యాసిడ్‌లో ముంచి ఆ చార మీద మాత్రమే రాస్తుంటే అల్యూమినియం నురగ కక్కి కరిగింది. కడిగాక బావ చూడలేదు. వేలి గోటితో గోడని పైనుంచి కిందికి మెల్లగా తడిమాడు. గోరు ఎక్కడా ఆగలేదు. "గోడ ఉంది" అన్నాడు, అంతే. పిస్టను మీద మచ్చని గరుకు కాగితంతో సాపు చేసి, కొత్త రింగులు తొడిగి, గంటన్నరలో ఇంజను బిగించేశాడు, ముప్పాతిక పని కళ్ళు మూసుకునే. ఆ వేళ్ళని చూస్తుంటే, చదువుకున్నానన్న నా గర్వం నాకే చిన్నదిగా కనిపించింది.

తర్వాత జెట్ల డబ్బా తీసి కూతురి చేతిలో పెట్టాడు. "ఇకనించి నువ్వే సూడు."

పిల్ల పెద్ద జెట్టు వేసింది, ఇసుకలో ఒక చుట్టు తిప్పింది, ప్లగ్గు చూసింది, ఇంకొకటి మార్చింది. ఈసారి మాకెవరికీ చూపించలేదు. మధ్యాహ్నం పందెంలో రెండోదిగా వచ్చింది, ముందు చక్రమంత తేడాలో. గెలిచిన కుర్రాడు, పొద్దున చెయ్యూపినవాడే, హెల్మెట్టు తీసి నేరుగా బావ దగ్గరికొచ్చి "తాతా, ఈ బండి ఎవులు ట్యూన్ సేసేరు?" అన్నాడు. అప్పటిదాకా ఎవరడిగినా తన గుండెల మీద చెయ్యేసుకునే మనిషి, గడ్డంతో కూతుర్ని చూపించి "అదే" అన్నాడు.

మర్నెల్లోనే శుక్లాలు తీయించాం. కట్టు విప్పగానే మా అక్కని చూసి "నీ జుత్తు ఇంత తెల్లదా!" అన్నాడట. బండి ఇంకా నడుస్తోంది. కిటికీలో బెల్లం ఇంకా ఉంటుంది. పిల్లకి దాని అవసరం లేకపోయినా పోల్చి చూస్తుంది, తండ్రి పక్కన నిలబడి తల ఊపాలి గనక. నిన్న కొత్త ముక్క పట్టుకెళ్ళి, నిరుటిదాన్ని తీసి దాని పక్కన పెట్టాను. అదీ నేను బాగా వెతికి తెచ్చిన మంచి బెల్లమే. ఒక్క వానాకాలానికి కాఫీ గింజలా నల్లబడిపోయింది. ఎవరూ ఏ మందూ పోయలేదు, ఊరికే కిటికీలో కూర్చున్నందుకే. కాలం ఏ రంగునీ ఉన్నచోట ఉండనివ్వదు, అందుకే పోల్చుకునే ముక్కని ఏటా కొత్తగా తెచ్చుకోవాలి.