మెట్టు దగ్గర చెప్పులు

పాతకార్ల పండగలంటే మా ఆయనకు పిచ్చి. ఆ ఏడాది ఖతర్‌లో అల్ రువైస్ దగ్గర సముద్రం ఒడ్డున జరిగితే, మంచమూ పొయ్యీ ఉన్న మోటార్‌హోమ్ ఒకటి అద్దెకు తీసుకుని అక్కడే మకాం వేశాం. చివరి రోజు పొద్దున బండికి కట్టిన గుడ్డపందిరి మడవబోతుంటే ఆయన చెయ్యి బెణికింది. స్టీరింగు పట్టలేనన్నారు. నాకు లైసెన్సు ఉంది కానీ, చిన్న కారు తప్ప మరేదీ నడిపి ఎరగను. దోహా నుంచి ఎవరినైనా పిలిపిద్దామని ఫోను తీశాను.

పక్క గుడారంలో ఒక ఖతరీ కుటుంబానికి వంట చేసే ఆవిడ ఇదంతా చూస్తూ దగ్గరికొచ్చింది.

"అక్కా, నువ్వు తోల్తవా దీన్ని?"

మాటను బట్టి జగిత్యాల వైపు మనిషి.

"భయంగా ఉందమ్మా."

"జర నేను కూసొని సూడొచ్చా?"

మెట్టు దగ్గర చెప్పులు విడిచి ఎక్కింది. డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగును రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకుంది.

"ఇంత పెద్ద బండి ఆడమనిషి తోల్తుంటే నేనెన్నడు సూడలే. నువ్వు తోల్కపో, నేను సూస్త. నీకొస్తే నాకు గూడ వస్తది" అని దిగింది.

ఇక ఫోను సంచిలో పెట్టేశాను. ఇసుకలో మెల్లగా కదిలి తారురోడ్డు ఎక్కేదాకా అద్దంలో ఆమె కనిపిస్తూనే ఉంది. చెయ్యి ఊపడం లేదు. రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, నాతో పాటు స్టీరింగు తిప్పుతోంది.

ఇప్పుడు పండగలకు బండి నేనే నడుపుతున్నాను. ఎక్కేముందు చెప్పులెందుకు విడుస్తావని ఆయన అడుగుతుంటారు. కాలికి బ్రేకు బాగా తెలుస్తుందని చెబుతాను.