నల్ల గొట్టం లోపలి మెరుపు

రిటైర్మెంటుకు రెండేళ్లుండగా నన్ను మైపాడు దగ్గర రొయ్యల గుంటల నీటి పరీక్ష కేంద్రానికి వేశారు. హోదా సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్. పేరు పెద్దదే గానీ, చేసేది గుంట గుంటకూ తిరిగి నీళ్లు పట్టి తేవడం, చెడిపోయిన మీటర్లు విప్పడం.

రొయ్యల గుంటలో నీళ్లు తేటగా ఉండకూడదు. సన్నటి నాచు పట్టి పచ్చగా, మసగ్గా ఉండాలి. ఆ నాచు ఒక్కసారిగా చచ్చిందంటే నీళ్లు తేటపడతాయి, ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు తేలతాయి. ఆ మసకను కొలిచే కంపెనీ మీటరు చిన్న రైతుకు అందదు. అందుకని నేనే ఒకటి తయారుచేశాను. జానెడు ప్లాస్టిక్ గొట్టం, అందులో ఒక ఎల్‌ఈడీ బల్బు, దానికి పక్కగా వెలుగును పసిగట్టే సెన్సర్. నీళ్లలోని నలుసులకు తగిలి చెదిరిన వెలుగు మాత్రమే సెన్సర్‌కు చేరాలి. గొట్టం గోడకు తగిలి తిరిగొచ్చే వెలుగు చేరితే అంకె అబద్ధం. నల్ల రంగైనా నున్నగా ఉంటే మెరుస్తుంది. అందుకే లోపల గరుకు కాగితంతో గీకి, బడిలో నల్లబల్లకు వేసే మెరుపులేని రంగు పూశాను.

దాన్ని మొదట దేవసహాయం గుంటలో పెట్టాను. పడవల మీద వేటకెళ్లే కుటుంబం ఆయనది. వల మానేసి గుంట కౌలుకు తీసుకున్నాడు. ముందు పంట తెగులుకు పోయింది. ఇదీ పోతే మళ్లీ పరాయి పడవలో కూలికి ఎక్కాల్సిందే. రోజూ పొద్దున్నే మోచేతి దాకా చెయ్యి ముంచి, వేళ్లు కనిపిస్తున్నాయేమోనని చూసుకునేవాడు. “మీటరిచ్చినా కదయ్యా, ఇంకా ఈ చెయ్యి ముంచేదేంది?” అని ఎగతాళి చేశాను. నవ్వి మానేశాడు.

వారానికోసారి నలుపు తెలుపు పళ్లెం ఒకటి నీళ్లలో దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో చూసి మీటరుతో సరిపోల్చాలని మా కేంద్రం నియమం. రెండు వారాలు అదీ వదిలేశాను. పది రోజులుగా అంకె దాదాపు కదల్లేదు. నా పనితనమే అనుకుని పొంగిపోయాను. మసక రోజూ ఎంతో కొంత మారుతుందని తెలిసిన నేనే!

పదకొండో రోజు పొద్దున ఫోను. “సార్, రొయ్యలు పైకొచ్చి కొట్టుకుంటా ఉండాయి. బిర్రన రండి సార్.”

నేను వెళ్లేసరికి గట్టు వెంబడి రొయ్యలు చచ్చి తేలిపోయి ఉన్నాయి. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. మీటరు అదే అంకె చూపిస్తోంది. దేవసహాయం గట్టున కూర్చుని చెయ్యి ముంచాడు. మోచేతి దాకా మునిగినా గోళ్లు కూడా కనిపించాయి.

గొట్టం విప్పి టార్చి వేశాను. లోపల తళతళ మెరిసింది. ఏం చేశావని అడిగాను.

“పది దినాల కింద చూస్తే లోపల రంగు పొట్టు లేస్తా ఉండె సార్. ఉప్పునీళ్లకు పాడైపోతాదని పడవ రంగు పూసినా. మీ వస్తువు కదా, నాలుగు రోజులు ఎండబెట్టాల్సింది, ఒక్క పూటే ఎండబెట్టినా. అదేమన్నా తప్పయిందా?”

ఉప్పునీళ్లలోకి దిగే చెక్క ముక్కకైనా అక్కడ పడవ రంగు పూస్తారు. వాళ్లకది జాగ్రత్త. నీళ్లు తేటపడేకొద్దీ నలుసుల వెలుగు తగ్గింది, గోడ మెరుపు ఎక్కువగా చేరింది. రెండూ కలిసి అంకెను నిలబెట్టాయి. లోపల మెరవకూడదని నేను ఆయనకు చెప్పలేదు. చెప్పినా అర్థం కాదులే అనుకున్నాను. జాగ్రత్తగా చూసుకో అని మాత్రం చెప్పాను. చూసుకున్నాడు.

వాడకందారు రంగు మార్చడమే కారణమని రిపోర్టు రాయమన్నారు పై అధికారి. రాశాను. పళ్లెం దించని రెండు వారాల సంగతి రాయలేదు. అడిగినవాళ్లూ లేరు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఆ తర్వాత ఏ రైతుకు మీటరిచ్చినా రెండు గొట్టాలు పట్టుకెళ్లేవాణ్ణి. ఒకటి గరుకుది, ఒకటి మెరిసేది. రెండింట్లోనూ టార్చి వేసి చూపించి, తేడా వాళ్లచేతే చెప్పించేవాణ్ణి. అర్థం కానివాడు ఒక్కడూ లేడు. ముందు చెయ్యి ముంచండి, తర్వాతే మీటరు చూడండి అని చెప్పేవాణ్ణి. మెరిసే గొట్టం దేవసహాయం రంగు పూసినదే. అది ఆయనకు మాత్రం అలా చూపించలేదు. నేను ఆ పద్ధతి మొదలుపెట్టే నాటికే ఆయన గుంట వదిలేసి కూలికి పడవెక్కాడు.